జల్లించిన మట్టి

షెరీఫ్ ఆఫీసు డిప్యూటీ హోబర్ట్ జేబులోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి గట్టులో గుచ్చాడు. రెండంగుళాలు దిగి టక్కున ఆగింది. పక్కకు జరిగి మోకాలి ఎత్తులో గుచ్చాడు. అక్కడా అంతే. మూడోసారి గుచ్చినప్పుడు ఇనుము రాయిని గీసిన చప్పుడుకు, కాఫీ పట్టుకు నిలబడ్డ లవెల్ భార్య ట్రెస్సా పళ్లు జివ్వుమన్నాయి.

"చూశావట్రా లవెల్? ఇది మట్టిగట్టు కాదు. బండకు తొడిగిన చొక్కా."

"మా తాత ఈ గట్టుకే తుపాకీ కాల్చేవాడు. మా నాన్నా అంతే. డెబ్భై ఏళ్లుగా ఏమీ కాలేదు."

"నేను చెప్పేదీ అదే. డెబ్భై ఏళ్లు కాలుస్తుంటే మట్టి ఎందుకుంటుంది? మీ తాత వాటా మీ తాత రాల్చాడు, మీ నాన్న వాటా మీ నాన్న రాల్చాడు. నీకు బండ మిగిల్చి పోయారు."

లవెల్ గట్టును చూస్తూ నిలబడ్డాడు. లవెల్ వాళ్ల, అంటే స్టాంపర్ల, ఇంటి వెనక ఆ కొండ ఎప్పుడూ ఉంది. లోయలో ఎవరింటి వెనకైనా కొండ ఉంటుంది కాబట్టి, తుపాకీ కాల్చడానికి వేరే ఏర్పాటు కావాలని ఎవరికీ తోచలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఒక తూటా ఆ బండకు తగిలి పైకి ఎగిరింది. చెట్ల మీదుగా వెళ్లి, లోయ పైకొసన ఒంటరిగా ఉండే అయోనా ప్రూయిట్ వంటింటి గోడలోంచి దూరింది. చలికాలానికి సీసాల్లో పట్టిపెట్టుకున్న చిక్కుడుకాయలు ఏడు సీసాలు పగిలాయి. ఆ అలమర ముందు ముసలమ్మ వంగి నిలబడి ఉంది. ఆమె తలకూ తూటాకూ మధ్య ఎడం జానెడు.

"కాల్చింది నువ్వే కదా?" హోబర్ట్ చిన్న పుస్తకం తెరిచాడు.

"నేనే," అన్నాడు లవెల్.

ట్రెస్సా చేతిలోని కాఫీ ఒలికి మణికట్టు మీద పడింది. కాలుతున్నా తుడుచుకోలేదు. ఆదివారం ఆ తూటా కాల్చింది లవెల్ కాదు, ఆమె. కంచె గుంజ మీది డబ్బా మూడుసార్లు తప్పిపోయి, నాలుగోసారి పడిందని గెంతులు వేసింది కూడా ఆమే.

హోబర్ట్ రాసుకుని పుస్తకం మూశాడు. "శనివారం పది గంటలకు వస్తాను. ఎనిమిదడుగుల ఎత్తు కట్ట కావాలి. ముందువైపు రెండడుగుల మందాన జల్లించిన మట్టి. ఒక్క రాయి కూడా ఉండకూడదు. పాత టైర్లు పేరుస్తాను, ఇనపరేకు నిలబెడతాను అంటే కుదరదు, అవి తూటాను తిరగ్గొడతాయి. అయిదు తూటాలు కాలుస్తావు. అయిదూ మట్టిలో దొరకాలి."

"దొరికితే?"

"దొరికితే కట్ట బాగుందని అయోనా పెద్దమ్మకు చెబుతాను. అంతవరకే నా పని. ఫిర్యాదు మీద సంతకం పెట్టడం, మానడం ఆమె ఇష్టం. పెడితే కేసు. కేసుంటే జైలువాళ్లు నిన్ను గార్డుగా ఒక్కరోజు కూడా ఉంచరు, అది నీకు తెలుసు." కారు తలుపు తెరిచి ఆగాడు. "ఇంకోమాట. అప్పటిదాకా మీలో ఎవరూ ఆమె గడప తొక్కకండి. బెదిరించారని ఆమె అంటే నేనేం చెయ్యలేను."

కారు వాగు దాటింది.

"ఎందుకలా చెప్పావు?" అంది ట్రెస్సా.

"నీ నర్సు పరీక్షకు మూడు వారాలుంది. కేసున్నదానికి లైసెన్సు ఇస్తారా?"

"కేసున్నవాడికి ఉద్యోగం ఉంటుందా?"

"ఉండదు. అందుకే పార ఎక్కడుందో చూడు."

పెళ్లయి అయిదు వారాలు. అతని మీద కోపం తెచ్చుకోవడం ఆమెకింకా చేతకాలేదు. వెళ్లి పార తెచ్చింది.

*

లవెల్ జైలు పనికి సెలవు పెట్టాడు. సోమవారమంతా పాత గట్టును తవ్వారు. మట్టితోపాటు సీసం వచ్చింది. నాణేల్లా చదునైనవి, పువ్వుల్లా విచ్చుకున్నవి, పళ్లలా విరిగినవి. లవెల్ మొదట్లో ఒక్కొక్కటీ అరచేతిలో తిప్పి చూశాడు. "ఇది తాతది అయ్యుంటుంది. ఆ పాత లావు తుపాకీది." సాయంత్రానికి చూడడం మానేసి బకెట్లో పారేశాడు. రెండు బకెట్లు నిండాయి. బకెట్లు ఎత్తబోతే వాటి కాడలు ఊడివచ్చాయి.

కొత్త కట్టకు ఆ మట్టి పనికిరాదు. వాగుపక్క మొక్కజొన్న వేసే మడిలో మెత్తటి మట్టి ఉంది. మంగళవారం అక్కడ తవ్వడం మొదలుపెట్టారు. కుందేళ్ల గూడుకున్న సన్నకన్ను ఇనపవల ఊడదీసి, నాలుగు చెక్కలకు బిగించి, రెండు బల్లల మధ్య పెట్టారు. అదే జల్లెడ. లవెల్ పారతో ఎత్తి వేస్తాడు, ట్రెస్సా రెండు చేతులతో కుదుపుతుంది. మట్టి కింద ఒంటిచక్రం బండిలో పడుతుంది, పైన గులకరాళ్లు గలగలమంటూ మిగులుతాయి. వాటిని వాగులో పారబోసి మళ్లీ మొదలు. బండి నిండితే లవెల్ నూటయాభై అడుగులు ఎగువకు తోసుకెళ్లి కుమ్మరిస్తాడు.

వెనకవైపు ఓక్ దుంగలు అడ్డంగా పేర్చి, వాటిమీద ఎర్రమట్టి తడిపి తొక్కి, ముందువైపు జల్లించిన మట్టి పోయాలి. లవెల్ కాగితం మీద గీశాడు. గీసినప్పుడు బాగానే కనిపించింది. మంగళవారం సాయంత్రం కట్ట ట్రెస్సా మోకాలి దాకా వచ్చింది.

"ఎన్ని బండ్లయ్యాయి?"

"లెక్కపెట్టకు. భయమేస్తుంది."

బుధవారం మధ్యాహ్నం బకెట్లు బోర్లించుకుని కూర్చుని మొక్కజొన్న రొట్టె తిన్నారు. లవెల్ కనురెప్పల వెంట్రుకలకు కూడా మట్టి పట్టింది. అతను రెప్పలు ఆర్పినప్పుడల్లా పొడి రాలుతోంది. ట్రెస్సాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలనుకుంటే రొట్టె గొంతుకు అడ్డం పడింది.

"ఏంటి?"

"నీ కళ్లు కూడా జల్లించాలి."

అతనూ నవ్వాడు. చెయ్యి చాచి ఆమె చెంప మీద మట్టి తుడవబోయి ఇంకా పులిమాడు. అంతలో పైనుంచి తలుపు వేసిన చప్పుడైంది. అయోనా ఇంటి తెరతలుపు. ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. చెట్ల ఆకులు రాలిపోవడంతో పై ఇంటి కప్పు, పొగగొట్టం ఇక్కడికి కనిపిస్తున్నాయి. పొగగొట్టంలోంచి పొగ రావడంలేదు.

"లవెల్, మనం ఒకసారి వెళ్లి రావాలి."

"హోబర్ట్ ఏం చెప్పాడో విన్నావుగా."

"మా నాన్న కుక్క పక్కవాళ్ల కోడిని పట్టుకుందనుకో. పొద్దుగూకేలోపల మేమంతా వాళ్ల వసారాలో ఉండేవాళ్లం. చేతిలో ఏమీ పట్టుకెళ్లకూడదు. పట్టుకెళితే నోరు మూయించడానికి తెచ్చారనుకుంటారు."

"కోడికీ దీనికీ పోలికా? చట్టం ఉంది. నేను జైల్లో రోజూ చూస్తాను ట్రెస్సా. వద్దన్నచోటికి వెళ్లినవాళ్లే సగంమంది లోపలున్నారు." అతను లేచి పార అందుకున్నాడు. "కట్ట బాగుంటే అన్నీ బాగుంటాయి. దాని వెనక నేనే నిలబడగలననిపించేలా కడతాను."

ఆ మాట అంటూ అతను పారను మట్టిలోకి తొక్కిన తీరు చూసి ట్రెస్సా లేచింది. జల్లెడ పట్టుకుంది. అరచేతుల్లో బొబ్బలు అప్పటికే చితికాయి. గుడ్డ చుట్టుకుని కుదిపింది.

గురువారం వాన పడింది. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా సన్నగా, చల్లగా, ఆగకుండా. ఉన్న ఒక్క టార్పాలిన్ కట్టకు సగమే సరిపోయింది. మిగతా సగం మీద మంచం దుప్పట్లు, వానకోట్లు, కిటికీ తెరలు, చివరికి పెళ్లికి ట్రెస్సా అత్తయ్య కుట్టి పంపిన బల్లగుడ్డ కూడా కప్పారు. పదకొండు గంటలకు ఆ సగం మెల్లగా, చప్పుడు లేకుండా ముందుకు జారింది. నడుమెత్తు దాకా లేచిన మట్టి బురదై కాళ్ల దగ్గరకొచ్చి ఆగింది.

లవెల్ దాన్ని చేతులతో పైకి తోశాడు. అది మళ్లీ జారింది. మళ్లీ తోశాడు. బురదలో మోకాళ్ల మీద కూర్చుండిపోయి రెండు చేతులూ కట్టకు ఆనించి, పడిపోయే గోడను ఆపుతున్నవాడిలా అలాగే ఉండిపోయాడు.

"వదిలెయ్. ఆరాక తోద్దాం."

"ఆరదు. రేపు ఒక్కరోజే ఉంది."

"లవెల్, లే."

"నాకు వేరే పని రాదు ట్రెస్సా," అన్నాడు కట్టతో చెబుతున్నట్టు. "ఈ లోయలో వేరే పని లేదు కూడా."

ఆమె పక్కన కూర్చుని తనూ చేతులు ఆనించింది. బురద చల్లగా చొక్కా చేతుల్లోకి పాకింది. వాన వెలిసేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

*

శుక్రవారం ఉదయం గాలి తిరిగింది, ఎండ వచ్చింది. జారిన చోట వాలు ఎక్కువైందని లవెల్‌కు అర్థమైంది. అడుగున ఇంకో దుంగ వరస వేస్తే మట్టి ఆగుతుంది. దుంగల కోసం ట్రక్కు తీసుకుని కోతమిల్లుకు వెళ్లాడు. వచ్చేసరికి రెండు గంటలు పడుతుంది.

ట్రక్కు మలుపు తిరగగానే ట్రెస్సా జల్లెడ వదిలేసింది. చేతులు కడుక్కుంది. వంటింట్లో ఆపిల్ గుజ్జు సీసా ఒకటి చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేసింది. ఖాళీ చేతులతో దారెక్కింది. మూడువందల గజాలే, అయినా రెండుసార్లు ఆగింది.

అయోనా వసారాలో నిలబడి ఉంది. ఎండిపోయిన చిన్న మనిషి, పోయిన భర్త గనిపనికి వేసుకున్న చొక్కా తొడుక్కుని ఉంది. కుడి ముంజేతికి గుడ్డ చుట్టి ఉంది.

"దారి తెలిసిందన్నమాట," అంది.

"పెద్దమ్మా, ఆదివారం కాల్చింది లవెల్ కాదు. నేను."

ముసలమ్మ తెరతలుపు తీసింది. "లోపలికి రా. చలి."

వంటింట్లో పొయ్యి ఆరిపోయి ఉంది. గోడకున్న కన్నంలో గుడ్డపీలిక కుక్కి ఉంది. అలమర కింద నేల ఊడ్చారు కానీ, చెక్కల సందుల్లో గాజు మెరుస్తోంది. ఆ గోడవైపున్నవన్నీ ఇవతలకు జరిగాయి. ఒక్క కుర్చీ మాత్రం అక్కడే ఉంది. తెరిచి ఉన్న స్నానాలగది తలుపులోంచి పోతయినుప తొట్టి కనిపించింది. అందులో పరుపు, దిండు.

"అక్కడ పడుకుంటున్నారా?"

"ఇంట్లో తూటా దూరనిది అదొక్కటే." అయోనా కుర్చీలో కూలబడింది. "పొయ్యి ముట్టించాలంటే ఆ గోడ దగ్గర నిలబడాలి. అందుకని ముట్టించడం మానేశాను. అయిదు రోజులుగా చల్లటి తిండే."

ట్రెస్సా ఆమె చేతికున్న గుడ్డ వైపు చూసింది. "చేతికేమైంది?"

"ఇప్పుడడుగుతున్నావా? నర్సు చదువు చదివావంటగా. అయిదు రోజులు మీ పారల చప్పుడు వింటూ కూర్చున్నాను. పొద్దున్నే మొదలవుతుంది, చీకటి పడేదాకా. కట్టకోసం అంత పాటు పడుతున్నారు, బాగానే ఉంది. కానీ ఈ ముసలిది ఉందా పోయిందా అని ఒక్కరు పైకి రాలేదు. లవెల్ తాత ఉండగా అయితే తుపాకీ కిందపడేసి పరిగెత్తుకొచ్చేవాడు."

"డిప్యూటీ రావద్దన్నాడు."

"హోబర్ట్‌కు డైపర్లు మార్చింది నేను. వాడు రావద్దంటే మీరు ఆగిపోయారా?"

ట్రెస్సా మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ విప్పింది. ముంజేయి వాచి ఎర్రగా ఉంది. మూడుచోట్ల గాజు, ఒకటి లోతుగా. కిటికీ పక్కకు కుర్చీ జరిపించి, నీళ్లు కాచడానికి తనే ఆ గోడ దగ్గర నిలబడి పొయ్యి ముట్టించింది. చిన్న పట్టకారు, సూది నీళ్లలో మరగబెట్టింది. తన చేతుల బొబ్బలు కనబడకుండా వేళ్లు ముడిచింది, కానీ అయోనా చూడనే చూసింది. మొదటి పెంకు తేలిగ్గా వచ్చింది. రెండోది విరిగింది. మూడోదాని కోసం చర్మం వత్తినప్పుడు ముసలమ్మ పళ్లు బిగించి, "మీ అమ్మ నీకు గురి నేర్పలేదు కానీ చేతిపని బాగానే నేర్పింది," అంది.

మూడోది బయటికొచ్చాక ట్రెస్సా దాన్ని పళ్లెంలో వేసింది. చీము తుడిచి శుభ్రమైన గుడ్డ చుట్టింది. ఇది ఆసుపత్రిలో చూపించాలని చెప్పింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. అయోనా ఆమెను ఏడవనిచ్చింది, ఓదార్చలేదు.

"సంతకం పెడతారా పెద్దమ్మా?"

"రేపు అయిదు తూటాలు కాలుస్తారట."

"అవును."

"ఆ కుర్చీ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఆదివారం నేను నిలబడ్డ చోటు అది. రేపు నువ్వొచ్చి అందులో కూర్చో. తర్వాత మాట్లాడదాం."

*

శుక్రవారం రాత్రంతా లాంతరు వెలుగులో జల్లించారు. శనివారం పదింటికి కట్ట ఎనిమిదడుగుల పైన నాలుగంగుళాలుంది. హోబర్ట్ నిచ్చెనేసుకుని పైకెక్కి చూశాడు. ముందువైపు స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగింది. పదిచోట్ల గుచ్చాడు, పదిచోట్లా దిగింది. తర్వాత మోచెయ్యి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు మట్టి తీసి వేళ్ల మధ్య జార్చాడు.

"దీంతో రొట్టెలు చేసుకోవచ్చురా," అన్నాడు.

లవెల్ మొహంలో వారం తర్వాత మొదటిసారి కళ కనిపించింది. అతను తుపాకీ తేవడానికి లోపలికెళ్లాడు. ట్రెస్సా హోబర్ట్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "నేను పెద్దమ్మ దగ్గర ఉంటాను. ఆవిడే రమ్మంది. అయ్యేదాకా లవెల్‌కు చెప్పకండి."

"పిచ్చా నీకు?"

"ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కదా. దానికోసమేగా ఇదంతా."

హోబర్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. కాదని అనలేదు.

కుర్చీలో కూర్చుంటే కన్నం సరిగ్గా చెవి ఎత్తున ఉంది. గుడ్డపీలిక తీసేసి ఉంది. అందులోంచి సన్నటి చలిగాలి మెడకు తగులుతోంది. అయోనా ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

మొదటి తూటా. కింద ఢామ్మని పేలి లోయ రెండు గోడలకూ తగిలి పైకొచ్చింది. ట్రెస్సా భుజాలు చెవుల దాకా లేచాయి. ఆ మట్టి ప్రతి గుప్పెడూ ఆమె చేతుల్లోంచి పోయింది. అయినా మెడ ఆమె మాట వినలేదు. ఎదురుగా అయోనా కళ్లు గట్టిగా మూసుకుంది. ఆరు రోజులుగా ఈమె ప్రతి చప్పుడుకూ ఇలాగే కళ్లు మూసుకుని ఉంటుందని ట్రెస్సాకు అప్పుడు తెలిసింది. తలుపు కొట్టుకున్నా, కొమ్మ విరిగినా, పార రాయికి తగిలినా.

రెండోది పేలింది. గోడ అలాగే ఉంది.

మూడోదాని కోసం చూశారు. రాలేదు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి.

"ఆగిపోయాడేం?" అంది అయోనా.

కిటికీలోంచి దారి కనిపిస్తుంది. దాని మీద లవెల్ ఎక్కివస్తున్నాడు. పరుగు కాదు, కానీ నడకా కాదు. చేతిలో తుపాకీ లేదు, ఏమీ లేదు. వసారా మెట్ల దగ్గరకొచ్చి ఆగాడు. వద్దన్న గడప. తర్వాత ఎక్కాడు.

తెరతలుపు అవతల నిలబడి ముందు ట్రెస్సాను చూశాడు, తర్వాత ఆమె చెవి పక్కనున్న కన్నాన్ని చూశాడు.

"ట్రెస్సా ఏది, వచ్చి చూడమను అని అడిగాను. హోబర్ట్ చెప్పేశాడు." అతను తలుపు చెక్కను పట్టుకున్నాడు. "నావల్ల కాలేదు పెద్దమ్మా. కట్ట బాగుంది. నాకు తెలుసు, నేనే కట్టాను. అయినా వేలు కదల్లేదు."

అయోనా గోడ కన్నం వైపు చూసింది. "నేనున్నానని తెలిసినప్పుడు మాత్రం కదిలింది."

లవెల్ తల దించుకున్నాడు. "తప్పయింది. ఆదివారమే రావాల్సింది," అన్నాడు.

"రావాల్సింది. ఇంకెన్ని మిగిలాయి?"

"మూడు."

"సరే. లోపలికొచ్చి నువ్వు కూర్చో ఇందులో. అమ్మాయీ, నువ్వు కిందికెళ్లు. ఆదివారం ఎవరు కాల్చారో వాళ్లే కాల్చాలి ఇవాళ."

లవెల్ ట్రెస్సా వైపు చూశాడు. చెప్పేశావా అని కళ్లతో అడిగాడు. ఆమె లేచి కుర్చీ అతనికి ఇచ్చింది. అతను కన్నం పక్కన కూర్చున్నాడు.

కింద హోబర్ట్ తుపాకీ పక్కనే కాపలా ఉన్నాడు. "ఆదివారం కాల్చింది నేను," అంది ట్రెస్సా. "రాసుకోండి."

"తెలుసు. వాడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి, బడి రోజుల నుంచీ అంతే. నేను రాసింది రాశాను. మార్చాలంటే పెద్దమ్మే మార్పించాలి." అతను వెనక్కి జరిగాడు. "తొందరేం లేదు. ఊపిరి వదిలాక."

కట్టకు బిగించిన కాగితం మీద లవెల్ వేసిన కన్నాలు రెండున్నాయి. దాని వెనక ఎనిమిదడుగుల మట్టి, దాని పైన ఆకుల్లేని కొమ్మలు, వాటి పైన ఇంటి కప్పు. ట్రెస్సా కప్పును చూడకూడదనుకుంది. చూసింది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. చితికిన బొబ్బలు తుపాకీ చెక్కకు అంటుకున్నాయి. ఎండలో మట్టి మెత్తగా, పిండిలా కనిపించింది. దాన్ని అంగుళం అంగుళం ఎరుగును అని తనకు తాను చెప్పుకుంది. చేతులు నమ్మలేదు. తుపాకీ దించింది. మళ్లీ ఎత్తింది. ఊపిరి వదిలింది.

మట్టి దుమ్ము లేచింది. రాయి చప్పుడు లేదు. మెత్తటి దెబ్బ, దిండు మీద గుద్దినట్టు.

రెండోది. మూడోది కాల్చేటప్పటికి కళ్లనిండా నీళ్లు. గురి కాగితం అంచున పడింది. కానీ మట్టిలోనే పడింది. హోబర్ట్ వెళ్లి మోచెయ్యి దాకా దూర్చి ఒక్కొక్కటే వెతికాడు. నాలుగు త్వరగా దొరికాయి. అయిదోదానికి చాలాసేపు పట్టింది. అది కూడా అరచేతిలో పెట్టి చూపించాడు.

పైనుంచి ఏ చప్పుడూ లేదు. ట్రెస్సా తుపాకీ ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది. కొమ్మల వైపు చూస్తూ నిలబడింది. ఎవరూ బయటికి రాలేదు. హోబర్ట్ కూడా తల ఎత్తి చూస్తున్నాడు, జేబులోని ఫిర్యాదు కాగితం మీద చెయ్యి వేసి.

అప్పుడు తెరతలుపు ధడాలుమంది. అయోనా గొంతు లోయంతా వినిపించేలా దిగింది.

"హోబర్ట్! ఆ కాగితం పొయ్యిలో వేసుకో! అమ్మాయీ, నువ్వు పైకి రా. మీ ఆయన నా చెయ్యి వదలడంలేదు. నువ్వొచ్చి విడిపించు, అవతల చిక్కుడుకాయలు మాడిపోతున్నాయి!"